26, 27.5, 29: మౌంటెన్ బైక్‌కి ఏ చక్రం? మూడూ తొక్కాక నా అభిప్రాయం

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కొత్తగా మౌంటెన్ బైక్ కొనేవాళ్లలో ఎక్కువమందికి 29 అంగుళాల చక్రాలే సరైనవి. ఎత్తు తక్కువున్నవాళ్లకీ, బైక్‌ని ఎగరేసి, వంచి, ఆడించడం ఇష్టమున్నవాళ్లకీ 27.5. నిటారు వాలుల్లో వేగంగా దిగడమే ఇష్టమైనవాళ్లకి ముందు 29, వెనక 27.5 ఉండే మల్లెట్. 26 ఇప్పటికే ఇంట్లో ఉంటే నిశ్చింతగా తొక్కుకోండి, కొత్తది మాత్రం ఆ సైజులో కొనకండి. అయితే వీటన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది, నిజానికి ఇదంతా రాస్తున్నది ఆ మాట కోసమే: చక్రం సైజు చూసి బైక్ ఎంచుకోవద్దు. ఒంటికి సరిపోయే ఫ్రేమ్ ముందు, చక్రం తర్వాత. సరిపోని ఫ్రేమ్ మీద 29 కంటే, సరిపోయిన ఫ్రేమ్ మీద 27.5 వెయ్యి రెట్లు నయం.

నేను చాలా ఏళ్లు 26 హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండేది) తొక్కాను, తర్వాత 27.5 ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా ఉండేది), ఇప్పుడు 29. మధ్యలో ఒక స్నేహితుడి మల్లెట్ కూడా తనివితీరా తొక్కాను. నా ఎత్తు 172 సెంటీమీటర్లు, అంటే ఏ చక్రమైనా నప్పే ఎత్తే. మా చెల్లెలు 155, తనది 27.5. ఇద్దరం ఒకే దారుల్లో తొక్కుతాం కాబట్టి, ఒకే చక్రం ఇద్దరి కింద ఎంత వేరుగా ప్రవర్తిస్తుందో దగ్గర నుంచి చూశాను.

టైరు మీద పెద్ద అక్షరాల్లో రాసిన పేరుని నమ్మేముందు, పక్కనే చిన్నగా ఉండే ఇంకో అంకె వెతకండి. 57-622 అని ఉందనుకోండి, టైరు వెడల్పు 57 మిల్లీమీటర్లు, అది కూర్చునే రిమ్ వ్యాసం 622 మిల్లీమీటర్లు అని అర్థం. ఆ రెండో సంఖ్యే అసలు సైజు. 26కి అది 559, 27.5కి 584, 29కి 622. ఇప్పుడు తీసివేసి చూడండి: 26కీ 27.5కీ తేడా 25 మిల్లీమీటర్లు, 27.5కీ 29కీ తేడా 38. పేరు వింటే 27.5 సరిగ్గా నడిమధ్యలో ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, అది 26కే దగ్గరి చుట్టం. నేను 26 నుంచి 27.5కి మారినప్పుడు చక్రం వల్ల వచ్చిన మార్పు పెద్దగా తెలియలేదు, 27.5 నుంచి 29కి మారినప్పుడు మొదటి మలుపులోనే తెలిసిపోయింది. ఈ లెక్క చూస్తే కారణం అర్థమవుతుంది.

పేర్ల గందరగోళం ఇక్కడితో అయిపోలేదు. రోడ్ బైకుల 700సీ రిమ్ కూడా 622నే, కాబట్టి 29 అంటే కొత్తగా కనిపెట్టిన రిమ్ కాదు, పాత రిమ్‌కి లావు టైరు తొడిగారు, అంతే. 27.5కి ఇంకో పేరు 650బీ. రాడ్ బ్రేకులుండే పాత నల్ల సైకిళ్లకి 28 x 1½ అని రాసి ఉంటుంది చూడండి, దాని రిమ్ 635, అంటే పేరులో 28 ఉన్నా 29 రిమ్ కంటే అదే పెద్దది. అలాగే 26 x 1⅜ అన్న టైరు 590 రిమ్‌ది, మౌంటెన్ బైక్ 26 రిమ్ మీద అది నిలవదు, వదులైపోతుంది. ఆన్‌లైన్‌లో టైరు కొనేటప్పుడు పేరు చూసి కాకుండా ఈ మూడంకెల సంఖ్య చూసి కొంటే తిప్పి పంపే బాధ ఉండదు.

అసలు 26 ఎలా మొదలైందంటే, దాని వెనక ఎవరూ కూర్చుని లెక్కలు వేయలేదు. 1970లలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీ కొండల్లో గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ లాంటి కుర్రాళ్లు ష్విన్ కంపెనీ పాత సైకిళ్లేసుకుని మట్టి దారుల్లో దూసుకెళ్లేవాళ్లు, 1976లో రీప్యాక్ అనే పందెం కూడా మొదలుపెట్టారు. ఆ పాత సైకిళ్లకి ఉన్న లావు బెలూన్ టైర్లు 26 అంగుళాలవి. దొరికిన టైరే ప్రమాణమైపోయింది, రెండు దశాబ్దాలకు పైగా దాన్ని ఎవరూ పెద్దగా ప్రశ్నించలేదు. 1999లో డబ్ల్యూటీబీ కంపెనీ నుంచి నానోరాప్టర్ అనే లావు టైరు వచ్చాకే 29కి ఒక దారి దొరికింది. మొదట్లో వచ్చిన 29 బైకులు మలుపుల్లో మొండికేసేవి, చక్రాలు పక్కకి ఊగేవి, ఆ చెడ్డపేరు ఇప్పటికీ కొంతమంది నోట వినిపిస్తుంది. ఆ తప్పు చక్రానిది కాదు, 26 కోసం గీసిన ఫ్రేమ్ కొలతల్నే కాస్త సాగదీసి వాడటం వల్ల వచ్చింది. తర్వాత ఫ్రేముల జామెట్రీ, అంటే కొలతలూ కోణాలూ మారాయి, చక్రాల మధ్యలో ఉండే హబ్బులు వెడల్పయ్యాయి (ఇప్పుడు బూస్ట్ అంటున్నది అదే, వెనక 148, ముందు 110 మిల్లీమీటర్లు), స్పోకులు మరింత ఏటవాలుగా నిలబడి చక్రం గట్టిపడింది. పాత మాటలు విని ఇప్పటి 29ని వద్దనుకోకండి.

ఇక అసలు విషయం. 29 రాళ్లనీ వేర్లనీ సులువుగా దాటేస్తుందని అందరూ చెబుతారు. ఎంత సులువుగా అని లెక్క వేసి చూశాను. 10 సెంటీమీటర్ల ఎత్తున్న రాయి చక్రానికి తగిలే కోణం 26కి సుమారు 45 డిగ్రీలు, 27.5కి 44, 29కి 43; కోణం తగ్గేకొద్దీ దాటడం సులువు. కాగితం మీద తేడా ఇంతే. కంపెనీల ప్రకటనలు చూస్తే ఇదేదో కొండల్ని చదును చేసే యంత్రంలా కనిపిస్తుంది, అంత లేదు.

మరి తొక్కేటప్పుడు అంత తేడా ఎందుకు తెలుస్తుందంటే, మనం దాటేది ఒక్క రాయి కాదు కాబట్టి. నేను తరచూ ఎక్కే ఒక ఎత్తులో దారికి అడ్డంగా వేర్లు వరసగా పడి ఉంటాయి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఒక పెడల్ తొక్కేంత జాగా కూడా ఉండదు. 26 మీద అక్కడ ముందు చక్రం మొదటి వేరుకి తగిలి కొంచెం ఆగేది, హ్యాండిల్ చేతుల్లోకి తన్నేది, ఆ తగ్గిన వేగంతో రెండోది, ఇంకా తగ్గిన వేగంతో మూడోది, నాలుగోదానికొచ్చేసరికి కాలు కింద పెట్టాల్సిందే. 29 మీద కూడా ప్రతి వేరు దగ్గరా తగ్గుతుంది, కానీ ప్రతిచోటా కాస్త తక్కువ తగ్గుతుంది, ఆ మిగిలిన కాస్తలే పోగై చివరి వేరు దాకా తీసుకెళతాయి. ఇంకోటి, పెద్ద చక్రం నేలని తాకే చోటు ముందుకీ వెనక్కీ కొంచెం పొడవుగా ఉంటుంది కాబట్టి, వదులు మట్టిలో ఎత్తు ఎక్కేటప్పుడు వెనక టైరు తిరిగిపోకుండా పట్టుకుంటుంది. నాకు 29లో అన్నిటికంటే నచ్చింది ఇదే, వేగం కాదు, ఎత్తుల్లో దిగకుండా పైదాకా వెళ్లగలగడం.

దిగేటప్పుడు ఇంకో సుఖం ఉంది, దీని గురించి తక్కువమంది చెబుతారు. పెడళ్లు తిరిగే ఇరుసు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నది 27.5లోనూ 29లోనూ ఇంచుమించు ఒకటే, కానీ చక్రాల ఇరుసులు 29లో దాదాపు 2 సెంటీమీటర్లు పైన ఉంటాయి. అంటే మన పాదాలు ఇరుసుల గీతకి ఇంకా కిందికి వెళతాయి. బైక్ మీద ఎక్కి కూర్చున్నట్టు కాకుండా రెండు చక్రాల మధ్యలో నిలబడినట్టు ఉంటుంది, రాళ్ల వాలులో ముందుకి తిరగబడిపోతానేమో అన్న టెన్షన్ బాగా తగ్గుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు.

కానీ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. చక్రం సైజు మార్చాలని ఆలోచిస్తున్నవాళ్లలో చాలామంది ముందు మార్చాల్సింది టైర్లో గాలి. బండ రాయిలా గాలి కొట్టించుకుని, బైక్ ఎగిరెగిరి పడుతోంది, 29 అయితే బాగుంటుందేమో అంటారు. బ్యాగుతో సహా నా బరువు సుమారు 75 కిలోలు, 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లలో ముందు 21, వెనక 24 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెడతాను. మీ బరువునీ టైరునీ బట్టి మీ అంకె వేరే ఉంటుంది, ట్యూబ్ ఉంటే ఇంకొంచెం ఎక్కువ పెట్టాలి, లేకపోతే రాయికీ రిమ్‌కీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఒక్కోసారి రెండు పీఎస్‌ఐ చొప్పున తగ్గిస్తూ ఒకే దారిలో తొక్కి చూడండి. 26 నుంచి 27.5కి మారితే వచ్చే సుఖం కంటే ఇందులోనే ఎక్కువ సుఖం ఉంది, పైసా ఖర్చు లేదు. దీని తర్వాత మంచి టైర్లు, ఆ తర్వాతే చక్రం సైజు.

29 వల్ల పోయేవి కూడా ఉన్నాయి. రిమ్, టైరు, ట్యూబ్ అన్నీ 27.5 కంటే సుమారు 5, 6 శాతం బరువెక్కుతాయి, ఆ బరువంతా చక్రం అంచున తిరిగేది కాబట్టి ఆగిన చోటు నుంచి లాగేటప్పుడు కాళ్లకి తెలుస్తుంది. స్పోకులు ఒక్కోటీ దాదాపు 19 మిల్లీమీటర్లు పొడవు, కాబట్టి చవక రకం 29 చక్రాలు గట్టిగా మలుపు తీసుకున్నప్పుడు పక్కకి కొంచెం వంగినట్టు అనిపిస్తాయి. గేర్లు కూడా బరువవుతాయి: ఒక చుట్టుకి 27.5 x 2.25 చక్రం సుమారు 2180 మిల్లీమీటర్లు వెళితే 29 x 2.2 చక్రం సుమారు 2300 వెళుతుంది, అంటే అదే గేరులో ప్రతి తొక్కుడూ ఐదు శాతం బరువు. 27.5 మీద 32 పళ్ల చైన్‌రింగ్‌తో (పెడళ్ల దగ్గరుండే పళ్ల చక్రం) ఎక్కిన ఎత్తునే 29 మీద ఎక్కాలంటే 30 పళ్లది వేసుకోండి, మోకాళ్లకి మంచిది. సైకిల్ కంప్యూటర్ ఉంటే చక్రం కొలత కూడా మార్చాలి. పట్టికలో అంకె కొట్టేకంటే టైరు మీదా నేల మీదా ఒకేచోట సుద్దతో గీత పెట్టి, బైక్ మీద మామూలుగా కూర్చుని, గీత మళ్లీ నేలకి వచ్చేదాకా తిన్నగా ఒక చుట్టు నడిపించి టేపుతో కొలవండి, మీ బరువుకి టైరు ఎంత అణిగిందో కూడా అందులో వచ్చేస్తుంది.

ఇరుకు హెయిర్‌పిన్ మలుపుల్లో 27.5 ఇప్పటికీ నాకు ముద్దే. చూపు తిప్పితే చాలు బైక్ తిరిగినట్టుంటుంది, ముందు చక్రం లేపాలంటే భుజం ఊపు చాలు. 29ని తిప్పాలంటే ముందే ఆలోచించుకుని, ఒళ్లంతా వంచి తిప్పాలి, అలవాటయ్యాక బానే ఉంటుంది గానీ ఆ సరదా మాత్రం ఉండదు. పంప్ ట్రాక్ (పెడల్ తొక్కకుండా ఒంటి ఊపుతోనే తిరిగే గుట్టల దారి), చిన్న చిన్న జంపులు, ఇలాంటివే మీ ఇష్టమైతే స్టాప్‌వాచీ లెక్కలు పక్కనపెట్టి 27.5 తీసుకోండి.

ఇప్పుడు ఫ్రేమ్ సంగతి. మా చెల్లెలు బైక్ చూడ్డానికి వెళ్లినప్పుడు స్మాల్ సైజులో 29 చూపించారు, కాగితం మీద కొలతలు తనకి సరిపోతాయనే ఉంది. ఎక్కి మెల్లగా ఒక మలుపు తిప్పగానే "అన్నయ్యా, బూటుకి టైరు తగులుతోంది" అంది. ముందు చక్రం పెద్దదై ఫ్రేమ్ చిన్నదైతే పెడల్ ముందుకొచ్చినప్పుడు బొటనవేలికీ టైరుకీ ఎడం ఉండదు, వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంత తిరగదు కాబట్టి తెలియదు గానీ, రాళ్ల మధ్య మెల్లగా తిప్పేటప్పుడు తగిలితే పడేస్తుంది. రెండోది, హ్యాండిల్ తన ఛాతీ దగ్గరికి వచ్చేసింది. పెద్ద చక్రం, దానిమీద దాన్ని పట్టుకునే ఫోర్క్, దానిమీద ఫోర్క్ దూరే హెడ్ ట్యూబ్, అన్నీ కలిసి ముందుభాగం లేచిపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం మీద బరువు పడదు, అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. మూడోది ఇంకా ఇబ్బంది: నిటారు వాలులో నడుము వెనక్కి, కిందికి వేస్తాం కదా, అక్కడ పెద్ద వెనక టైరు కాచుకుని ఉంటుంది, ఫుల్ సస్పెన్షన్ అణిగినప్పుడు తిరుగుతున్న టైరు ప్యాంటుకి రాసుకుంటుంది. కాళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకి ఇది భయం పుట్టించే విషయం, భయపడి వెనక్కి వెళ్లడం మానేస్తే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. తను 27.5 తీసుకుంది, అదే కంపెనీది, అదే రకం బైక్. వేర్ల ఎత్తులో నాకంటే కాస్త వెనకబడుతుంది, మలుపుల్లో నన్ను దాటిపోతుంది.

నా లెక్కలో 160 లోపు ఎత్తున్నవాళ్లు 29 తొక్కి చూడకుండా కొనకూడదు, 170 దాటినవాళ్లు పెద్దగా ఆలోచించక్కర్లేదు, మధ్యవాళ్లకి కాళ్ల పొడవును బట్టి. ఇది రూలేమీ కాదు, ఒకే ఎత్తున్న ఇద్దరికి కాళ్లు ఒకే పొడవు ఉండాలనేమీ లేదు. చాలా కంపెనీలు చిన్న ఫ్రేములకి 27.5, మీడియం నుంచి 29 పెట్టి అమ్ముతున్నాయి, ఆ పద్ధతి నాకు నచ్చింది. చక్రాన్ని బైక్ సైజులో భాగంగా చూడటమే న్యాయం.

పందేల్లో ఏం జరిగిందో కూడా చూద్దాం. 2012 లండన్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీలో యారోస్లావ్ కుల్హావీ 29 మీద స్వర్ణం గెలిచాడు, నీనో షుర్టర్ 27.5 మీద ఒక్క సెకను తేడాతో రెండో స్థానంలో నిలిచాడు. ఏ చక్రం మేలో తేల్చడానికి ఆ ఒక్క సెకను తేడా సరిపోదు. 2016 రియోకి వచ్చేసరికి షుర్టర్ కూడా 29కి మారాడు, స్వర్ణం తనదే. కొత్త ఫుల్ సస్పెన్షన్ బైక్ కూడా అప్పుడే వచ్చింది కాబట్టి ఆ గెలుపంతా చక్రం ఖాతాలో వేయలేం. డౌన్‌హిల్ (కొండ దిగే పందెం) వాళ్లు చాలాకాలం 29ని దగ్గరికి రానివ్వలేదు, 2017లో ఫోర్ట్ విలియమ్ వరల్డ్ కప్‌ని గ్రెగ్ మినార్ 29 మీద గెలిచాక అందరి చూపూ మారింది. 2019లో ముందూ వెనకా వేరు సైజులు వాడొచ్చని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఒప్పుకుంది, ఆ ఏడాదే లోయిక్ బ్రూనీ మల్లెట్ మీద డౌన్‌హిల్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

మల్లెట్ గురించి నా అనుభవం ఏంటంటే, ముందు చక్రం రాళ్లని దాటించే పని చేస్తుంది, వెనక చిన్న చక్రం మలుపులో తోక తిప్పినట్టు తిరుగుతుంది, వెనక్కి వెళ్లడానికి చోటూ దొరుకుతుంది. నిటారు వాలుల్లో చాలా బాగుంది. చదునులోనూ ఎత్తుల్లోనూ 29 కంటే ఏమీ ఎక్కువ ఇవ్వలేదు, పైగా రెండు సైజుల టైర్లూ ట్యూబులూ దగ్గర ఉంచుకోవాలి. కొనాలనుకుంటే ఫ్యాక్టరీ నుంచే మల్లెట్‌గా వచ్చినది తీసుకోండి. మామూలు 29 ఫ్రేమ్‌కి వెనక 27.5 చక్రం తగిలిస్తే పెడళ్ల ఇరుసు సుమారు 12 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, ఫోర్క్ దాదాపు ఒక డిగ్రీ వాలిపోతుంది, రాళ్లున్న ఎత్తులో పెడళ్లు టకటకా కొట్టుకుంటాయి. రెండూ 27.5 పెడితే ఇంకా కిందికి పోతుంది, ఆ పని అసలు చేయొద్దు.

తొక్కి చూసే అవకాశం ఇస్తే చదును రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి వచ్చేయకండి, అక్కడ అన్ని చక్రాలూ బాగానే ఉంటాయి. రెండు బైకుల్లోనూ టైర్లలో గాలి ఒకేలా ఉందో లేదో చూసుకోండి, సీటు ఎత్తు సరిచేసుకోండి, బూట్లు మామూలుగా వేసుకునేవే వేసుకుని వెళ్లండి. పూర్తిగా హ్యాండిల్ తిప్పి ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తొక్కండి, వేలు తగులుతుందో లేదో తెలుస్తుంది. ఒక మెట్టో ఫుట్‌పాత్ అంచో ఎక్కించి చూడండి. సీటు దించేసి, నడుము వెనక్కి వేసి, ఒక మెట్టు దిగి చూడండి. ఎత్తులో కూర్చునే తొక్కండి, ముందు చక్రం తేలుతుందా నిలుస్తుందా గమనించండి. ఈ నాలుగూ చేస్తే ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

26 ఉన్నవాళ్లకి ఒక మాట. అందులో 27.5 చక్రాలు పడతాయా అని చాలామంది అడుగుతారు. రిమ్ చుట్టూ 12.5 మిల్లీమీటర్లే పెరుగుతుంది కాబట్టి డిస్క్ బ్రేకులున్న కొన్ని ఫ్రేముల్లో సన్నటి టైరుతో పడుతుంది, కానీ బురద పోవడానికి సందు మిగలదు, ఫోర్క్ పూర్తిగా అణిగినప్పుడు టైరు పైన తగిలిందంటే ప్రాణం మీదికొస్తుంది. రిమ్‌ని పట్టుకుని ఆపే వీ-బ్రేకులైతే ప్యాడ్లు రిమ్‌కే అందవు. దాని బదులు అదే 26కి మంచి 2.3 టైర్లు వేసి, ఫ్రేమ్ ఒప్పుకుంటే పొట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క), వెడల్పు హ్యాండిల్ పెట్టుకోండి, బైక్ కొత్తగా అనిపిస్తుంది. టైర్లు, ట్యూబులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. తగ్గిపోయినవి మంచి ఫోర్కులూ రిమ్ములూ. ఆ రెండింట్లో ఏది పోయినా బాగు చేయించడానికి పెద్ద డబ్బు పెట్టకండి, అప్పుడు కొత్త బైక్ వెతుక్కోండి.